కడప నగరపు పండుగలు – పాలివారు



మంగంపేట పేరు వినినంతనే దూరప్రాంతములవారికి స్ఫురించునది ముగ్గురాయి. శాస్త్రజ్ఞులు బెరైటీసు అని పిలుచు ఈ బరువైన రాయి ఈ నేల క్రింద ఉన్నంత విస్తారముగా ఒక్కచోట ఉండుట లోకమున అరుదు. నేడిది పొడియై, ఓడలెక్కి, చమురుబావులు త్రవ్వువారి యొద్దకు పోవుచున్నది. బావిలో పోయు బురదకు బరువు కూర్చి, లోపలి వాయువు ఒక్కపెట్టున పైకి ఎగదన్నకుండ అణచుట దాని పని. అయినను జనులు దానికి పెట్టుకొన్న పేరు వాకిటిని బట్టి వచ్చినది. ముగ్గు గడప ముంగిట వేయుదురు. ఆ గడప పేరే ఈ సీమలోని పెద్ద నగరమునకు పేరైనదని పెద్దలందురు. ఉత్తరమునుండి తిరుమలకు పోవు యాత్రికులు తొలుత దేవుని కడపలో లక్ష్మీవేంకటేశ్వరుని సేవించి, పిదప కొండదారి పట్టెడివారు. అందుచేత ఆ క్షేత్రము తిరుమలకు తొలిగడప. పదకవితా పితామహుడు తాళ్లపాక అన్నమాచార్యులు, అనగా రాజంపేట చెంతనున్న ఊరివాడు, ఈ కడపరాయనిపైనను సంకీర్తనములు రచించెను.

గడపకు రెండు పనులు కలవు. వచ్చినవారిని అది లోనికి చేర్చును. కొందరిని వెలుపలనే నిలుపును. ఒక నగరమున సంవత్సరము పొడుగున జరుగు పండుగలను పరిశీలించునపుడు దీపముల లెక్క, బాణసంచా లెక్క కన్న ముందుగా చూడవలసినది ఈ గడప లెక్కయే. ఎవరు లోనికి వచ్చిరి? ఎవరు వెలుపల నిలిచిరి? ఎవరికి ఏ పాలు దక్కినది? ఈ సీమలో దాయాదులను పాలివాండ్లందురు. ఆస్తిలో పాలు కలవారు, చావునకు మైల పట్టువారు, పెండ్లికి ముందుగా పిలువవలసినవారు వారే. పండుగకును పాలివాండ్లు ఉందురు. వారెవరో కడప నగరమున ఉగాదినాడు తెల్లవారినంతనే తెలియును.

ఆ ఉదయమున దేవుని కడప ఆలయమునకు హిందువులతోపాటు మహమ్మదీయ కుటుంబములును వచ్చును. బురఖాలు ధరించిన స్త్రీలు, పిల్లల చేయి పట్టుకొన్న పురుషులు, వృద్ధులు వరుసలో నిలిచి, టెంకాయ కొట్టించి, తీర్థము పుచ్చుకొందురు. బియ్యము, బెల్లము, చింతపండు మున్నగు సంబారములు సంచులలో తెచ్చి స్వామికి సమర్పించుట ఆచారము. కారణమడిగిన సూటిగా చెప్పుదురు: బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు, ఆమెను చేపట్టిన వేంకటేశ్వరుడు తమకు అల్లుడు. సంవత్సరాదినాడు అల్లునింటికి వట్టిచేతులతో పోవుట మర్యాద కాదుగదా! ఇచట తెచ్చిన వస్తువులను గమనింపవలెను. బియ్యము, బెల్లము, చింతపండు వంటయింటి సరకులు. పుట్టినింటివారు కూతురి కాపురమునకు పంపు సారె వంటిదే ఇది.

డిల్లీ సుల్తాను కుమార్తె విష్ణుమూర్తిని వలచి ఆయన వెంట దక్షిణమునకు వచ్చినదను కథ పెక్కు వైష్ణవ క్షేత్రములందు వినబడును. శ్రీరంగమున ఆమెకు తులుక్క నాచ్చియారను పేర సన్నిధియే కలదు. ఇది చరిత్రయా, కల్పనయా యని పండితులు వాదింపవచ్చును. ఆ వాదము తేలువరకు కడపలోని వృద్ధురాలు చింతపండు మూట కట్టుట ఆపదు. బంధుత్వములు శాసనములు చూచి ఏర్పడినవి కావు; రాకపోకలచేత నిలిచినవి.

2025వ సంవత్సరమున ఈ ఆచారమునకు ఒక విశేషము తోడైనది. విశ్వావసు నామ సంవత్సర ఉగాది మార్చి 30వ తేదీన వచ్చినది; రంజాను పండుగ మరునాడు, 31వ తేదీన. అనగా ఆ ఉగాది ఉపవాస దీక్షలోని దినములలోనే పడినది. ఇట్టి కలయిక తరచుగా రాదు. హిజ్రీ సంవత్సరమునకు సుమారు 354 దినములే. తెలుగు పంచాంగమును చంద్రునే అనుసరించినను, రెండున్నర సంవత్సరములు దాటిన పిదప ఒక అధికమాసమును చేర్చుకొని ఋతువులతో సరిపెట్టుకొనును. హిజ్రీ లెక్కలో ఆ సర్దుబాటు లేదు. అందువలన రంజాను, మొహర్రము, ఉరుసులు ఏటేట పది పదునొకండు దినములు ముందునకు జరుగుచు, సుమారు ముప్పదిమూడేండ్లకు ఒకమారు ఋతుచక్రమంతయు చుట్టివచ్చును. కడపలో అరువదేండ్లు నిండిన వానికి మండువేసవి రంజానును తెలియును, మంచుకాలపు రంజానును తెలియును. ఉగాది మాత్రము వేపపూతను వదలి కదలదు. కదలు పండుగయు కదలని పండుగయు ఒక వీధిలోనే ఉండుటచేత ఆ నగరమున ప్రతి సంవత్సరపు వరుసయు క్రొత్తదే.

మాఘమాసమున దేవుని కడప బ్రహ్మోత్సవములు జరుగును. రథసప్తమినాడు రథము లాగుదురు. ఇచట పాలివారి సంగతి కొంచెము నిలిచి చూడవలసియున్నది; ఎందుకనగా పండుగలను పొగడుట సులభము, వాని లెక్క పూర్తిగా వ్రాయుట కష్టము. రథమనునది ఒక్క కులము చేతిమీదుగా కదలునది కాదు. ఈ సీమలో ఏ ఊరి తేరు చూచినను ఇంతియే. వడ్రంగి ఇరుసు చూడవలెను. కమ్మరి పట్టాలు బిగింపవలెను. చాకలి దివిటీ పట్టవలెను. మంగలి నాదస్వరము వినిపింపవలెను. చక్రముల క్రింద చెక్కలు వేసి తేరును అదుపున ఉంచువాడు రెప్పవాల్చిన ప్రాణాపాయము. వీరందరికన్న ముందు డప్పు మ్రోగవలెను. డప్పు మ్రోగిన గాని ఊరు లేవదు, త్రాడు పట్టుటకు జనులు రారు. అట్టి డప్పు పట్టినవారికి పెక్కు ఆలయములందు గడప దాటు హక్కు లేకపోయినది. పనిలో పాలు కలదు, ప్రసాదములో కొంత కలదు, ప్రవేశములో లేదు. తాము మేల్కొలిపిన దేవుని వారు వీధిలో ఊరేగునపుడు మాత్రమే చూడగలిగిరి. కడప మండలము అప్పటికి మదరాసు రాజధానిలోనిది. 1947లో మదరాసు శాసనసభ ఆలయప్రవేశ చట్టమును చేసినది. చట్టము తలుపు తెరచును. లోనికి పిలుచు పని ఊరివారిది. ఆ పిలుపు ఎచ్చట మనస్ఫూర్తిగా వచ్చినది, ఎచ్చట నాలుక చివరినుండి వచ్చినది అను లెక్క ప్రతి ఊరికిని తెలియును.

మహమ్మదీయుల పర్వములలో కడపకు ప్రధానమైనది పెద్ద దర్గా ఉరుసు. అమీన్ పీర్ దర్గా యని ప్రఖ్యాతి. బీదరు ప్రాంతమునుండి వచ్చి కడపలో స్థిరపడిన సూఫీ గురువుల వంశమువారి సమాధులు అచ్చట ఉన్నవి. ఉరుసు అనగా వివాహోత్సవమని అర్థము. మహాత్ముడు దేహము విడుచుటను పరమాత్మతో కలయికగా భావించి, వర్ధంతిని పెండ్లివలె జరుపుట సూఫీల సంప్రదాయము. గంధము తెచ్చుట, చాదరు సమర్పించుట, ఫాతిహా చదువుట ముఖ్య ఘట్టములు. వచ్చువారిలో హిందువులు తక్కువ కారు. పిల్లలకు జబ్బు చేసిన మ్రొక్కుకొన్నవారు, పంట తడవక మ్రొక్కుకొన్నవారు, ఊరక అలవాటుగా వచ్చువారు అందరును కలరు. చలనచిత్ర సంగీతకారుడు ఏ. ఆర్. రహమాను తరచు ఈ దర్గాకు వచ్చుచుండుటచేత దేశమంతట దీని పేరు మరింత వ్యాపించినది. ఉరుసు సందర్భమున ఉర్దూ కవులతో ముషాయిరా జరుపుట పరిపాటి. 2024 నవంబరులో జరిగినది ఎనుబదియవదని నిర్వాహకులు ప్రకటించిరి. పుస్తకము తెరచి చదువ నేర్వనివాడును అర్ధరాత్రివరకు కూర్చుండి ద్విపదలకు తలయూచు సభ అది. గ్రంథాలయ సభ్యులు ఒక్కమారైనను చూడదగినది.

మొహర్రమును ఈ సీమ పల్లెలు పీర్ల పండుగ యని పిలుచుకొన్నవి. అది కర్బలా యుద్ధమున అమరుడైన హుసేను స్మరణార్థము జరుపు సంతాపదినము. అయినను పల్లెలలో అగ్నిగుండము త్రవ్వుటయందు, పీరు నెత్తుటయందు, పానకము పంచుటయందు హిందువులు ముందుందురు. మహమ్మదీయ కుటుంబము ఒక్కటియు లేని గ్రామములందు సైతము పీర్లచావిడి ఉండుట కలదు. దీనికి సాక్ష్యము కొఱకు ఎచ్చటికో పోనక్కరలేదు. ఓటర్ల జాబితా తెరచిన చాలును: దస్తగిరి, మస్తానయ్య, హుసేనప్ప, పీరమ్మ, కుళ్లాయప్ప. వీరిలో పెక్కుమంది హిందువులే. ఒక మ్రొక్కు ఫలించినపుడు పెట్టిన పేర్లివి. ఇంటిలో నిత్యము నోట పలుకు పేరుగా నిలిచిన పండుగను ఎవరు తీసివేయగలరు? తీసివేయుటకు యత్నించువారు ఉండవచ్చును. ఆ యత్నము పేర్లతోనే ప్రారంభమగుననుట మాత్రము నిశ్చయము.

దసరా విషయమున కడపకన్న ప్రొద్దుటూరుది పైచేయి. కన్యకాపరమేశ్వరి అమ్మవారిశాలలోని అలంకారములు, చివరి దినపు తొట్టిమెరవణి చూచుటకు చుట్టుప్రక్కల ఊళ్లన్నియు కదలును. అది మైసూరునకు రెండవదని ప్రొద్దుటూరువారు చెప్పుకొందురు. మొదటిది అని చెప్పుకొనకపోవుటయే వారి వినయము.

క్రైస్తవ పర్వములకు కడపలో రెండు శతాబ్దముల చరిత్ర కలదు. 1822లో లండను మిషనువారు ఇచట పని ప్రారంభించిరి. తెలుగునకు నిఘంటువు నిర్మించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను అంతకు రెండేండ్లు ముందు, 1820లో, కడపకు ఉద్యోగరీత్యా వచ్చెను. ఆయన బంగళా ఉన్న స్థలమున నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది. క్రిస్మసునకు మరియాపురములోని ప్రార్థనామందిరము దీపములతో నిండును. నక్షత్రమును కట్టుట క్రైస్తవుల ఇండ్లకే పరిమితము కాలేదు. పిల్లలున్న ఇంట పిల్లల మాటయే శాసనము.

క్రిస్మసు ప్రస్తావన వచ్చినది గనుక జర్మనీ దేశములోని ఒక నగరమువైపు దృష్టి మరల్చుట అవసరము. ఎందుకనగా అచ్చటి పండుగ చరిత్రలో గడప లెక్క రక్తాక్షరములతో వ్రాయబడియున్నది. ఆ నగరము న్యూరెంబర్గు. ప్రతి సంవత్సరము క్రిస్మసునకు సుమారు నాలుగు వారముల ముందు అచ్చటి ప్రధాన విపణివీథిలో ఒక సంత తెరచుదురు. బాలయేసు సంత యని దాని పేరునకు అర్థము. 1628 నాటికే అది జరుగుచున్నట్లు ఆధారము కలదు. ఎఱుపు తెలుపు చారల గుడ్డ కప్పిన దుకాణములు, కొయ్యబొమ్మలు, దాల్చినచెక్క, లవంగము, ఏలకులు కలిపి చేయు తీపి రొట్టెలు. ఈ సుగంధద్రవ్యములు ఆ చలిదేశమున పండవు. అవి తూర్పుదేశములనుండి పోయినవే. ఆ సంతను ప్రారంభించునది ఒక బాలిక. బంగారు కిరీటము, బంగారువన్నె కురులు, తెలుపును బంగారమును కలిసిన వస్త్రములు ధరించి, మరియమ్మ దేవాలయపు పైయరుగునుండి ఆహ్వానవచనములు పలుకును. 1969 మొదలు రెండేండ్లకొకమారు నగరములోని కన్యలలోనుండి ఆమెను ఎన్నుకొనుచున్నారు.

చూచుటకు ఎంతయో రమ్యమైన ఆ స్థలము పూర్వము యూదుల వాడ. 1349 డిసెంబరు 5వ తేదీన ఆ వాడపై బడి అయిదువందల అరువదిమందికి పైగా యూదులను చంపిరి. వాడను పడగొట్టి విపణిని ఏర్పరచుటకు చక్రవర్తి నాలుగవ చార్లెసు ముందే అనుమతి ఇచ్చియుండెను. యూదుల ప్రార్థనాలయము ఉన్నచోటనే ఆ మరియమ్మ దేవాలయమును కట్టిరి. 1499 నాటికి మిగిలిన యూదులనును నగరమునుండి వెడలగొట్టిరి. నాలుగు శతాబ్దముల పిదప, 1933లో, నాజీలు అధికారమునకు వచ్చినంతనే వేరుచోట జరుగుచున్న ఆ సంతను మరల ఈ విపణికి తెచ్చి, వైభవముగా జరిపించి, తమ ప్రచారమునకు వాడుకొనిరి. రెండేండ్లలో యూదుల పౌరసత్వమును హరించు శాసనములు ఆ నగరము పేరుతోనే వెలువడినవి. పండుగ ఎంత అందముగా ఉన్నను దానికి తనంతట తాను తలుపు తెరచు శక్తి లేదు. తాళముచెవి ఎవరి చేతిలో ఉన్నదో వారి మాటయే చెల్లును.

1945 జనవరి 2వ తేదీ రాత్రి విమానదాడిలో ఆ పాతనగరము నేలమట్టమైనది. 1948లో శిథిలముల నడుమ సంతను తిరిగి తెరచిరి. 2019లో ఆ కిరీటమునకు ఎన్నికైన బాలిక పేరు బెనిగ్నా మున్సి. వయస్సు పదునేడు సంవత్సరములు. తల్లి జర్మను, తండ్రి భారతదేశమున జన్మించినవాడు. ఆమె చాయను చూచి ఒక రాజకీయ పక్షపు స్థానిక శాఖవారు ద్వేషపూరితమైన వ్యాఖ్యను ప్రకటించిరి. అంతట నగరమువారు, రాష్ట్ర నాయకులు, దేశమంతటినుండి సామాన్య జనులు ఆ బాలిక పక్షమున నిలిచిరి. వ్యాఖ్యను తొలగింపక తప్పలేదు. ఆమె కిరీటము ధరించి, ఆ విపణికి ఎదురుగా నిలిచి, పలుకవలసిన వచనములను పలికెను. యూదులను చంపిన చోట భారతీయుని కుమార్తె నగరము పక్షమున లోకమును పండుగకు పిలిచినది. ఈ మార్పునకు ఆరువందల డెబ్బది సంవత్సరములు పట్టినది. కడపలో చింతపండు మూట కట్టు వృద్ధురాలి విలువ ఎంతటిదో ఈ లెక్కతో తూచి చూచిన తెలియును.

కడపనుండి మంగంపేటకు తిరిగి వచ్చు దారిలో ఒంటిమిట్ట కలదు. శ్రీరామనవమి బ్రహ్మోత్సవములకు కడపవారును, రాజంపేట కోడూరు ప్రాంతములవారును సమానముగా చేరు చోటు అది. 2014లో రాష్ట్రము విడిపోయి భద్రాచలము తెలంగాణలో నిలిచిన పిదప, 2015 నుండి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన లాంఛనములను ఒంటిమిట్టకు తెచ్చినది. అన్ని చోట్లను రాముని కల్యాణము పగలు జరుగగా ఇచట రాత్రి, పండువెన్నెలలో జరుగును. పగటి పెండ్లిని చూడనోచుకోలేదని చంద్రుడు చింతించగా రాముడిచ్చిన వరమిదియని స్థలపురాణము. పిలుపు అందని చుట్టము కొఱకు ముహూర్తమునే మార్చిన పెండ్లి ఇది.

ఈ ఆలయము ఒకప్పుడు దీపారాధనకును నోచుకోని స్థితికి వచ్చినది. అప్పుడు మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడుగా ఉండి ఉద్యోగము విడిచిన వావిలికొలను సుబ్బారావు (1863–1936) టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర బిచ్చమెత్తి ఆలయమును ఉద్ధరించెను. ఆంధ్రవాల్మీకి యని బిరుదు పొందిన ఆ మహనీయుడు చిప్పలో పడిన కాసు ఎవరిదని అడుగలేదు. కాసు వేసిన వారందరును ఆ కల్యాణమునకు పాలివారైరి. నేడు ఏర్పాట్లన్నియు పెద్ద సంస్థల చేతిలోనివి. విశాలమైన పందిళ్లు, విద్యుద్దీపములు, లక్షల జనులు. 2018 మార్చి 30వ తేదీ రాత్రి కల్యాణ సమయమున గాలివాన విరుచుకుపడి ఆ పందిళ్లు కూలినవి. ప్రాణములు కోల్పోయినవారు కలరు, గాయపడినవారు పెక్కుమంది. వచ్చిన చుట్టమును సురక్షితముగా ఇల్లు చేర్చుటయు పిలిచినవారి బాధ్యతయే కదా. ఆ రాత్రి చీకటిలో బస్సులు దొరకక రహదారివెంట నడచినవారిని ప్రక్క పల్లెలవారు పిలిచి మంచినీళ్లిచ్చి, అరుగులమీద చోటు చూపుటయే ఇట్టి సమయములందు ఈ సీమ మర్యాద. దానికి ఆహ్వానపత్రిక అక్కరలేదు.

ఆ ఆలయము చెంతనే ఒక బావి కలదు. దాని పేరు ఇమాంబేగు బావి. కడప నవాబుల కాలమున ఆ వైపు వచ్చిన ఇమాంబేగు అను అధికారి, పిలిచిన మీ దేవుడు పలుకునా యని భక్తులను అడిగెననియు, చిత్తశుద్ధితో పిలిచిన పలుకునని వారు చెప్పగా తానే గర్భగుడివైపు తిరిగి మూడు మారులు రాముని పిలిచెననియు, లోపలినుండి ‘ఓ’ యని సమాధానము వినబడెననియు జనులు చెప్పుకొందురు. ఆశ్చర్యపడిన ఆ మహమ్మదీయుడు స్వామి కైంకర్యమునకు నీటి కొఱత ఉన్నదని తెలిసికొని ఈ బావి త్రవ్వించెనట. వానలు మొగము చాటువేయు ఈ కరవుసీమలో ఒక దేవునికి ఇచ్చుటకు బావికన్న పెద్ద కానుకను ఎవరు ఊహింపగలరు? పిలిచినవాడెవడని లోపలివాడు అడుగక పలికెను. నీళ్లెవరివని వెలుపలివారు అడుగక త్రాగిరి. ఒంటిమిట్టకు పోవువారు గోపురమును, శిల్పములను చూచి బస్సు వేళకు తొందరపడుదురు. ఈసారి పోవువారు బావి ఎచ్చటనున్నదని అడిగిన, అచ్చటివారు చేయిచూపుదురు.